వెయిటింగ్ లిస్టులో ఉన్న బిడ్డకు మనం ఏం చెప్పాలి?



ఏప్రిల్, మే నెలలంటే మా అడవి పల్లెల్లో తునికాకు పని. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోయి ఆకు తెంపుకొస్తారు. 50 ఆకులకొక కట్ట కట్టి సాయంత్రానికి కల్లంలో అప్పజెప్తారు. ఆ డబ్బు చేతికందే రోజుల్లోనే పిల్లల పరీక్షా ఫలితాలూ వస్తాయి. జూన్, జూలై వచ్చేసరికి మా ఆదివారపు కూడికలో ప్రార్థన విన్నపాలు మారిపోతాయి. జ్వరాల కోసం, వాన కోసం అడిగేవారి నడుమ ఎవరో ఒక తల్లి లేచి, "అయ్యగారూ, మా పిల్ల పేరు వెయిటింగులో పడిందంట, ప్రార్థన చేయండి" అంటుంది.

ఒకప్పుడు ఈ విన్నపం ఉండేది కాదు. పదో తరగతి దాటిన పిల్లలే తక్కువ. ఇప్పుడు చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ములకలపల్లి వంటి మండలాల నుంచి కూడా పిల్లలు బాసర ట్రిపుల్ ఐటీకి, ఐఐటీలకు, ఎన్ఐటీలకు, మెడికల్ కాలేజీలకు దరఖాస్తు చేస్తున్నారు. దేవునికి స్తోత్రం. అయితే సీటు వచ్చిన బిడ్డతో ఎలా సంతోషించాలో మనకు తెలుసు. రాని బిడ్డను ఎలా ఓదార్చాలో కూడా కొంత తెలుసు. వచ్చీ రాకుండా మధ్యలో నిలబడిన బిడ్డతో ఏం మాట్లాడాలో మాత్రం మన సంఘాలు ఇంకా నేర్చుకోలేదని మా అభిప్రాయం. ఆ సంగతే ఈ వారం మీతో పంచుకుంటున్నాం.

అసలు ఆ జాబితా ఏమిటి?

వెయిటింగ్ లిస్టు అన్న మాట మన పెద్దలకు రైలు టికెట్టు వల్ల తెలుసు. కొత్తగూడెంలో భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోయి టికెట్టు తీసుకున్నవారికి ఇది అర్థమవుతుంది. మీ నంబరు ముందుకు జరగాలంటే మీరు చేయగలిగింది ఏమీ లేదు. మీకంటే ముందున్న ఎవరో తమ ప్రయాణం మానుకోవాలి. కాలేజీ సీటు కూడా అంతే. జాబితాలో పైనున్న పిల్లలు వేరే చోట చేరితేనో, చేరకుండా ఉండిపోతేనో కింది పేర్లకు పిలుపు వస్తుంది.

అమెరికాలో పేరున్న విశ్వవిద్యాలయాలదీ ఇదే కథ. మన తెలుగు పిల్లలు వేలమంది అక్కడికి దరఖాస్తు చేస్తున్నారు కాబట్టి ఆ సంగతీ చెబుతున్నాం. సీటు ఇచ్చిన పిల్లల్లో ఎంతమంది నిజంగా చేరతారో ఆ విశ్వవిద్యాలయాలకు ముందుగా తెలియదు. అందుకని కొందరిని అవునని గాని కాదని గాని అనకుండా పక్కన నిలబెడతాయి. ముందు పిలిచినవారంతా చేరితే ఆ ఏడు పక్కనున్నవారిలో ఒక్కరికి కూడా పిలుపు రాకపోవచ్చు. దానికీ ఆ పిల్లల తెలివికీ సంబంధం ఉండదు.

మన బాసరనే చూడండి. 2008లో గ్రామీణ పిల్లల కోసం మొదలైన విశ్వవిద్యాలయం అది. పదో తరగతి అయ్యాక ఆరేళ్ల చదువు, అక్కడే హాస్టలు, చివరికి ఇంజనీరింగ్ పట్టా. సీట్లు 1,500. ప్రవేశ పరీక్ష లేకుండా పదో తరగతి ఫలితంతోనే పిల్లలను ఎంచుకునే పద్ధతి పెట్టారు. హాస్టలు లేని ప్రభుత్వ, జిల్లా పరిషత్ బడుల్లో చదివిన పిల్లలకు 0.4 పాయింట్లు అదనంగా కలిపే ఏర్పాటు కూడా చేశారు. వెనకబడిన చోటు నుంచి వచ్చిన బిడ్డకు చేయి అందించాలన్న ఆలోచన అది. మంచి ఆలోచన.

కానీ 2022లో తెలంగాణలో పదో తరగతిలో పదికి పది పాయింట్లు వచ్చినవారే 11,000 మందికి పైగా ఉన్నారు. అంతకు ముందు ఏడు, 2021లో, కరోనా వల్ల పరీక్షలు జరగక 2 లక్షల మందికి పైగా పదికి పది వచ్చాయి. ఆ ఏడు బాసర కూడా పాలిసెట్ మార్కులను ఆశ్రయించవలసి వచ్చింది. ఇంతమందికి ఒకే పాయింట్లు ఉన్నప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక? అప్పట్లో ఒక్కొక్క సబ్జెక్టులో గ్రేడు చూసేవారు. అదీ సమానమైతే వయసులో ఎవరు పెద్దో చూసేవారు. అదీ కలిస్తే చివరికి హాల్‌టికెట్ నంబరు నుంచి తీసిన ఒక సంఖ్య చూసేవారు. అంటే అక్కడికి చేరాక అది చీట్లు వేయడమే.

ఐఐటీల లెక్క కూడా చెబుతాం. 2025లో జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవారు 1,80,422 మంది. అర్హత పొందినవారు 54,378 మంది. సీట్లు 18,160. అంటే "అర్హత ఉంది" అని చెప్పించుకున్న ముగ్గురు పిల్లల్లో ఇద్దరికి అక్కడ కూర్చునే చోటు లేదు. బెంచీలు తక్కువగా ఉన్నాయి. అంతమాత్రాన ఆ ఇద్దరి అర్హత ఎక్కడికీ పోలేదు.

చీటి ఎవరి పేరున పడింది?

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం మనం చాలాసార్లు చదివాం. యూదా పోయిన స్థానం ఖాళీ అయింది. ఆ స్థానానికి కావలసిన అర్హత ఏమిటో పేతురు చెప్పాడు. మొదటి నుంచి ప్రభువుతో తిరిగినవాడై ఉండాలి. ఆ అర్హత ఉన్న ఇద్దరిని నిలబెట్టారు. ఒకరు మత్తీయ, మరొకరు బర్సబ్బా అనే యోసేపు. ప్రార్థన చేసి చీట్లు వేస్తే మత్తీయ పేరున పడింది.

మనం ఎప్పుడూ మత్తీయ దగ్గరే ఆగిపోతాం. ఆ రెండో ఆయన గురించి ఎవరైనా ప్రసంగం చేయగా మీరు విన్నారా? ఆయన కూడా అంతే కాలం ప్రభువుతో నడిచాడు. అదే ఎండలో, అదే దుమ్ములో. అర్హతలో వెంట్రుకవాసి తేడా ఉన్నట్టు లేఖనంలో ఎక్కడా లేదు. ఆయన ప్రార్థన తక్కువైందనీ లేదు, ఆయన ఇంట్లో ఏదో దాచిన పాపం ఉందనీ లేదు. స్థానం ఒకటే ఉంది, మనుషులు ఇద్దరు ఉన్నారు. అంతే.

ఈ ఒక్క సంగతి మనం గట్టిగా పట్టుకుంటే మన నోట రాకూడని మాటలు కొన్ని ఆగిపోతాయి.

మొదటిది, "ప్రార్థన చాలలేదు" అన్న మాట. వెయిటింగ్ లిస్టులో పేరున్న బిడ్డ ఇంటికి పోయి ఉపవాసం ఎన్ని రోజులు ఉన్నారని అడిగేవారిని మేము చూశాం. రాత్రంతా నిద్రపోని తల్లి మీద ఇంకో బరువు పెట్టడం తప్ప దానివల్ల ఏం లాభం? సీటు వచ్చిన పిల్లలంతా మనకంటే ఎక్కువ ప్రార్థన చేశారా? ప్రార్థనే చేయని ఇళ్లలోని పిల్లలకూ సీట్లు వస్తున్నాయి కదా. దేవుడు నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకేలా వాన కురిపించేవాడని మనమే బోధిస్తాం. సీట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ బోధ మరిచిపోతాం.

రెండోది, "ఖచ్చితంగా వస్తుంది, వాగ్దానం ఉంది" అన్న మాట. ఇది వినడానికి విశ్వాసంలా ఉంటుంది. కానీ బాసరలోని సీటు గురించి, ఐఐటీలోని సీటు గురించి ఏ వాగ్దానమూ మనకు లేదు. లేని వాగ్దానాన్ని బిడ్డ చేతిలో పెట్టి, అది నెరవేరనప్పుడు ఆ బిడ్డ దేవునినే అనుమానించేలా చేయడం కాపరులు చేయవలసిన పని కాదు. ఆయన విడువడు అని చెప్పవచ్చు. సీటు ఇస్తాడు అని చెప్పకూడదు.

మూడోది, పోలిక. "ఫలానా వాళ్ల పిల్లకు మొదటి విడతలోనే వచ్చింది" అన్న మాట. చీటి ఎలా పడుతుందో పైన చెప్పాం. పుట్టిన తేదీ నాలుగు రోజులు వెనకైనందుకు కింద మిగిలిపోయిన బిడ్డ ముందు ఈ మాట అనడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి.

ఇదంతా చిన్న సంగతి అనుకోవద్దు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాక కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నారు. ఆ పిల్లలకూ తల్లిదండ్రులు ఉన్నారు, ఇరుగుపొరుగు ఉన్నారు, ఎవరెవరో ఏవేవో మాటలు అని ఉంటారు. ఒక జాబితా బిడ్డ ప్రాణం కంటే పెద్దదని మన మాటల్లో గాని మన మౌనంలో గాని ఎప్పుడూ వినపడకూడదు. మీ ఇంట్లో బిడ్డ తిండి మానేసి, మాట్లాడటం మానేసి ఒంటరిగా కూర్చుంటుంటే ప్రార్థన చేయండి, అలాగే పక్కన కూర్చోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు. ఆ ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

కోనేటిలోకి దించే మనిషి లేడు

ఇంతవరకు పిల్లలనూ తల్లిదండ్రులనూ ఓదార్చే మాట చెప్పాం. ఓదార్పుతోనే ఆగిపోతే మేము సగం మాటే చెప్పినట్టు. చీటి న్యాయంగా పడినప్పుడు తల వంచాలి. చీటిలో మన బిడ్డ పేరే వేయకపోతే, వేసినా ఆ కబురు మన దాకా రాకపోతే, అప్పుడు తల వంచి ఊరుకోవడం సరికాదు.

యోహాను సువార్త అయిదో అధ్యాయంలో బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్లు వ్యాధితో పడి ఉన్న మనిషి ఉన్నాడు. బాగుపడాలని ఉందా అని ప్రభువు అడిగితే ఆయన చెప్పిన జవాబు గుర్తుచేసుకోండి. నీళ్లు కదిలినప్పుడు నన్ను దించేవాడు లేడు, నేను పోయేలోపు ఇంకొకడు దిగుతాడు అన్నాడు. ఆయనకు కోరిక లేక కాదు, ఓపిక లేక కాదు. కోనేటికీ ఆయనకూ మధ్య ఉన్న నాలుగడుగులు నడిపించే మనిషి లేడు.

మన అడవి బిడ్డల వెయిటింగ్ లిస్టు ఇదే. నీళ్లు కదిలినట్టు కబురు వస్తుంది. ఒక వెబ్‌సైటులో, లేదా ఫోన్‌కు వచ్చే ఒక మెసేజులో. రెండు రోజుల్లో, మూడు రోజుల్లో వచ్చి చేరాలంటారు. హైదరాబాదులో ఉన్న బిడ్డ తండ్రి ఆఫీసులో కూర్చుని గంటకోసారి చూసుకుంటాడు. వాగు అవతల గూడెంలో ఉన్న బిడ్డ తండ్రి వానాకాలపు దుక్కిలో ఉంటాడు. గూడెంలో సిగ్నల్ ఉండదు. గుట్ట ఎక్కితేనో, రోడ్డు మీదికి వస్తేనో ఫోను పలుకుతుంది.

మాకు తెలిసిన ఒక అమ్మాయికి ఇలాగే జరిగింది. ఎక్కడన్నది చెప్పము. వాగు పొంగి మూడు రోజులు దారి లేదు. నాలుగో రోజు వాళ్ల నాన్న సరుకుల కోసం రోడ్డుకు వచ్చినప్పుడు ఫోన్లో మెసేజు మోగింది. సీటు వచ్చింది, చేరవలసిన గడువు ముందటి సాయంత్రమే అయిపోయింది. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. బాగానే చదువుతోంది. కానీ ఆ మెసేజు గురించి ఎవరైనా ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోతుంది. దీనికి ఏదో ఒక తీపి ముగింపు చెప్పి సాక్ష్యంగా మార్చాలని మాకు లేదు. ఆ బిడ్డకు అన్యాయం జరిగింది.

కాగితాల సంగతి ఇంకొకటి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్థానికత కోసం బడి సర్టిఫికెట్లు. మీసేవకు ఒకసారి పోవాలంటే ఒక రోజు కూలి, దారి ఖర్చు పోతాయి. సర్వర్ పని చేయకపోతే రెండో రోజు కూడా పోతుంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో గూడేలు కట్టుకున్న గొత్తికోయ కుటుంబాల పిల్లల పరిస్థితి మరీ కష్టం. అక్కడ వాళ్లు గిరిజనులే. గోదావరి ఇవతలికి వచ్చాక ఆ గుర్తింపు లేదు. ఇక్కడే పుట్టి, ఇక్కడి బడిలోనే తెలుగు నేర్చుకున్న బిడ్డ కూడా ఎస్టీ కోటాలో నిలబడలేదు.

గీతలు మనుషుల మధ్య నుంచే పోతాయి అనడానికి భద్రాచలమే సాక్ష్యం. 2014లో పోలవరం ముంపు పేరుతో మన ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలు, కొన్ని పూర్తిగా, కొన్ని కొంతవరకు, ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం ఇటు ఉంది, ఆనుకుని ఉన్న ఎటపాక అటు ఉంది. రెండు చోట్లా ఒకే మాట, ఒకే సంత, ఒకే బంధుత్వాలు. కానీ ఒక ఇంటి బిడ్డ బాసరకు స్థానికురాలు, ఆమె మేనమామ బిడ్డ కాదు. ఆ బిడ్డ నూజివీడు వైపు చూడాలి. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు ప్రజలు తమను తెలంగాణలో కలపమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. వాళ్లదీ ఒక వెయిటింగ్ లిస్టే.

విశ్వవిద్యాలయాలు కూడా మన దగ్గరికి ఆలస్యంగానే వస్తాయి. తెలంగాణకు గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని 2014 నాటి విభజన చట్టంలోనే రాశారు. పార్లమెంటు దానికి చట్టం చేసింది 2023 డిసెంబరులో. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయంలో పాఠాలు మొదలైంది 2024లో. మాట ఇచ్చిన ఏడు ఒకటో తరగతిలో చేరిన బిడ్డ, మొదటి పాఠం జరిగేనాటికి పదో తరగతి దాటేసింది. అందుకే అంటున్నాం, ఆలస్యాలన్నీ దేవుని చిత్తం ఖాతాలో రాయకండి. కొన్ని ఆలస్యాలు ఆయనవి. చాలా ఆలస్యాలు మనుషులవి. దేనిని ఓర్చుకోవాలో, దేనిని ప్రశ్నించాలో వివేచించడం కూడా భక్తిలో భాగమే.

పదిహేడు వేల అయిదు వందలు

2024లో ఒక సంగతి పత్రికల్లో వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఒక దళిత కూలీ కొడుక్కి ధన్‌బాద్ ఐఐటీలో సీటు వచ్చింది. సీటు ఖాయం చేసుకోవడానికి కట్టవలసింది 17,500 రూపాయలు. సాయంత్రం 5 గంటల్లోపు కట్టాలి. తండ్రి అక్కడా ఇక్కడా అడిగి పోగుచేసేసరికి నిమిషాల తేడాలో గడువు దాటింది, సీటు పోయింది. ఆ కుటుంబం ఒక తలుపు తర్వాత ఇంకో తలుపు తట్టుతూ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2024 సెప్టెంబరు 30న, అలాంటి ప్రతిభ గల బిడ్డను వదులుకోకూడదని కోర్టు తన విశేషాధికారంతో అదనపు సీటు సృష్టించి చేర్చుకోమని ఆదేశించింది.

మనం ఆ బిడ్డ కోసం సంతోషించాం. కానీ ఎంతమంది తండ్రులు ఢిల్లీ దాకా వెళ్లగలరు? 17,500 రూపాయలు ఒక రోజు ముందు చేతిలో ఉంటే కోర్టే అక్కరలేదు. మన సంఘాల్లో గోడకు రంగు వేయడానికి, మైకు సెట్టు కొనడానికి, క్రిస్మస్ స్టారు కట్టడానికి చందాలు వస్తాయి. అవి వద్దని మేము అనడం లేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఒక 20,000 రూపాయలు కదపకుండా పక్కన పెట్టి, ఏ కులం బిడ్డకైనా, ఏ మతం బిడ్డకైనా సీటు ఖాయం చేసుకోవడానికి అదే రోజు ఇచ్చే ఏర్పాటు రెండు మూడు సంఘాలు కలిసి చేయలేవా? స్కాలర్‌షిప్పు వచ్చాక తిరిగి ఇస్తారు. రాకపోతే పోనివ్వండి.

మనం చేయగలిగినవి

కోనేటిలోకి దించే మనిషి మనమే కావాలి. దానికి పెద్ద చదువులు అక్కరలేదు.

చేతిలో ఉన్న సీటు వదలకూడదని పిల్లలకు చెప్పండి. పెద్ద కాలేజీ పిలుస్తుందేమోనని చిన్న కాలేజీలో చేరకుండా కూర్చున్నవారు చివరికి రెండూ పోగొట్టుకుంటున్నారు. ఐఐటీ, ఎన్ఐటీల కౌన్సెలింగులో వచ్చిన సీటును ఒప్పుకుని, ఇంకా మంచిది వస్తే మారతానని చెప్పే వీలు ఉంది. దానినే ఫ్లోట్ అంటారు. అది తెలియక ఫ్రీజ్ నొక్కేసినవారు, భయపడి అసలు ఒప్పుకోకుండా వదిలేసినవారు మన మధ్య ఉన్నారు. ఇంకొకటి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లల సీట్లు మిగిలిపోతే ఐఐటీలు ఒక ఏడాది ప్రిపరేటరీ కోర్సుకు పిలుస్తాయి. అందులో నెగ్గితే మళ్లీ జేఈఈ రాయకుండానే మరుసటి ఏడు చేర్చుకుంటారు. ఆ పిలుపును చిన్నచూపు చూడవద్దు.

దరఖాస్తులో రెండు ఫోన్ నంబర్లకు చోటు ఉంటే, రెండోది సిగ్నల్ ఉన్న ఊళ్లోని నమ్మకస్తునిది ఇవ్వండి. భద్రాచలంలో, కొత్తగూడెంలో, మణుగూరులో మన సంఘస్థులు ఉన్నారు. రోజూ పొద్దున, సాయంత్రం వెబ్‌సైటు చూసే బాధ్యత ఒక యువకుడు తీసుకుంటే పది గూడేల పిల్లలకు కాపలా కాసినట్టే. కాగితాలు ఫలితాలు వచ్చాక కాదు, తునికాకు మొదలవక ముందే తీసి పెట్టండి. భద్రాచలం నుంచి బాసర దాదాపు 500 కిలోమీటర్లు. ఆ దారి ఖర్చు కూడా ముందే లెక్కలో ఉండాలి.

ఎదురుచూపుకు ఒక తేదీ పెట్టండి. రైలుకు చార్టు వేసే సమయం ఉన్నట్టే ప్రతి ప్రవేశానికీ చివరి విడత అని ఒకటి ఉంటుంది. ఆ తేదీ గోడ మీద రాసుకోండి. ఆ రోజు దాకా ఆశతో ఉండండి. ఆ మర్నాడు ఏడవాలనిపిస్తే ఏడవండి, ఆ తర్వాత చేరిన కాలేజీ పుస్తకం తెరవండి. 1978లో మొదలైన కొత్తగూడెం మైనింగ్ కళాశాలను 2025లో ఎర్త్ సైన్సెస్ విశ్వవిద్యాలయంగా మార్చారు. అది మన గడపలోనే ఉంది. పాలిటెక్నిక్‌లు ఉన్నాయి, గురుకుల డిగ్రీ కళాశాలలు ఉన్నాయి. ఇవి ఓడిపోయినవారి చోట్లు అనే మాట మన ఇళ్లలో వినపడకూడదు. మన పల్లెల ఆసుపత్రుల్లో, బడుల్లో, కరెంటు ఆఫీసుల్లో మనకు పని చేసిపెడుతున్నవారు అక్కడివారే.

చివరిగా, సీటు వచ్చిన బిడ్డలకు ఒక మాట. వెయిటింగ్ లిస్టు కదిలేది ఎవరో ఒకరు విడిచిపెట్టినప్పుడే అని మొదట్లోనే చెప్పాం. మీకు రెండు చోట్ల సీటు వస్తే, ఏది వద్దనుకున్నారో దానిని ఆ రోజే రద్దు చేయండి. "ఉంటే ఉండనీ" అని పట్టుకుని కూర్చోకండి. మీరు ఆలస్యం చేసిన ప్రతి రోజూ ఎక్కడో ఒక తల్లి నిద్రపోని రాత్రి. మా ఎరుకలో ఒక అబ్బాయి ఇలాగే తనకు అక్కరలేని సీటును అదే పూట వదులుకున్నాడు. అది ఎవరికి వెళ్లిందో అతనికీ తెలియదు, మాకూ తెలియదు. తెలియనక్కరలేదు. కుడి చేయి చేసినది ఎడమ చేతికి తెలియకుండా చేయమన్న బోధకు ఈ రోజుల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు. అతనికి సీటు వచ్చినందుకు మన కూడికలో చప్పట్లు కొట్టారు. విడిచిపెట్టినందుకు కూడా కొట్టి ఉండవలసింది.

అధికారుల ఎదుట

అధికారంలో ఉన్నవారి కోసం మనం ప్రతి ఆదివారం ప్రార్థిస్తాం. వారిని అడగవలసినవి అడగడం దానికి విరుద్ధం కాదు. మేము అడిగేవి పెద్దవి కావు. వెయిటింగ్ లిస్టులో నంబరు ఇచ్చేటప్పుడు, పోయిన ఏడు ఎంతవరకు పిలిచారో కూడా చెప్పండి. బిడ్డ ఆశ పెట్టుకోవాలో, వేరే దారి చూసుకోవాలో తెలుస్తుంది. ఏజెన్సీ మండలాల పిల్లలకు మెసేజుతో సరిపెట్టకండి. భద్రాచలం ఐటీడీఏకు, మండల ఆఫీసుకు, చదివిన బడి హెడ్మాస్టరుకు కబురు పంపండి. తునికాకు కల్లం ఎప్పుడు తెరుస్తారో ప్రతి గూడేనికీ చేరవేయగలిగినవారికి సీటు కబురు చేరవేయడం కష్టం కాదు. వానాకాలంలో వాగులు పొంగే చోట గడువు మరో నాలుగు రోజులు ఇవ్వండి. ఈ విన్నపాలు రాసి, సంఘ పెద్దల సంతకాలతో పాటు ఊళ్లో అందరి సంతకాలూ తీసుకుని, గ్రామసభలో పెట్టమని మిమ్మల్ని కోరుతున్నాం.

ప్రియులారా, వచ్చే ఆదివారం ఎవరైనా తల్లి లేచి తన బిడ్డ పేరు వెయిటింగులో ఉందని చెబితే, ప్రార్థన అయ్యాక ఆమెను మూడు ప్రశ్నలు అడగండి. చివరి తేదీ ఎప్పుడమ్మా? కాగితాలన్నీ ఉన్నాయా? ఏ ఫోన్ నంబరు ఇచ్చారు? తర్వాత ఆ బిడ్డను పిలిచి, సీటు వచ్చినా రాకపోయినా నీవు మాకు అదే బిడ్డవని చెప్పండి. ఆ మాట ఫలితం వచ్చాక చెబితే ఓదార్పులా వినబడుతుంది. ముందే చెబితే బిడ్డ నమ్ముతుంది.

మన పిల్లల కోసం ఎదురుచూసే తల్లిదండ్రులందరినీ ప్రభువు తన సమాధానంతో కాపాడును గాక. ఆమేన్.